క్యూటీ అప్లికేషన్‌కు డేటాబేస్ డ్రైవర్: రెడీమేడ్ ప్యాకేజీ వాడాలా, మనమే బిల్డ్ చేయాలా?

కాటా దగ్గర ఒక కంప్యూటర్, ఆఫీసు గదిలో ఇంకొకటి. నెల్లూరు రైస్ మిల్లయినా, ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే షెడ్డయినా, చీమకుర్తి గ్రానైట్ యార్డయినా మనం రాసిన సాఫ్ట్‌వేర్ నడిచే చోటు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. విండోస్ లైసెన్స్ ఖర్చు పెట్టించకుండా ఉబుంటు వేసి, క్యూటీలో (స్క్రీన్లున్న ప్రోగ్రాంలు సీ++లో రాసే టూల్‌కిట్) అప్లికేషన్ రాసి ఇవ్వడం మంచి దారి. స్క్రీన్లు, ప్రింటు, బార్‌కోడ్ అన్నీ బాగానే కుదురుతాయి. డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'డ్రైవర్ నాట్ లోడెడ్' అని ఒక లైను కనబడుతుంది, అంటే ప్రోగ్రాంను డేటాబేస్‌తో కలిపే ముక్క లోడ్ కాలేదని. ఎవరినైనా అడిగితే 'సోర్స్ దించుకొని ప్లగిన్ నువ్వే బిల్డ్ చేసుకో' అంటారు. చాలాసార్లు ఆ శ్రమ అక్కర్లేదు. కొన్నిసార్లు మాత్రం అది తప్ప వేరే దారి లేదు. రెండింటినీ ఎలా వేరు చేయాలో కావలి, ఒంగోలు కాలేజీల నుంచి ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు ఉపయోగపడాలని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మొదట తేల్చుకోవాల్సింది ఏ డేటాబేస్ అన్నది కాదు, ఏ క్యూటీ అన్నది. ఉబుంటు తనతో ఇచ్చే క్యూటీనా, క్యూటీ కంపెనీ ఇన్‌స్టాలర్ నుంచి దించుకున్న క్యూటీనా? దీనికి జవాబు దొరికితే డ్రైవర్ గొడవ సగం అక్కడే తీరిపోతుంది.

ఆ ఎర్రర్ అసలు ఏం చెప్తోంది

క్యూటీలో డేటాబేస్ డ్రైవర్లన్నీ విడివిడి ప్లగిన్లు. ప్లగిన్ల ఫోల్డర్‌లో 'ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్' అనే సబ్‌ఫోల్డర్ ఉంటుంది, ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో డాట్ ఎస్ఓ ఫైలు (లినక్స్ లైబ్రరీ ఫైలు) అందులో ఉంటుంది. మన ప్రోగ్రాం ఒక డ్రైవర్ పేరు అడగగానే క్యూటీ అక్కడ వెతికి, ఆ ఫైలును రన్‌టైమ్‌లో లోడ్ చేస్తుంది. ఆ ఫైలు మళ్లీ డేటాబేస్ వాళ్ల క్లయింట్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌కి లిబ్‌పీక్యూ, మైఎస్‌క్యూఎల్‌కి లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్. కాబట్టి గొలుసులో మూడు లింకులున్నాయి: మన ప్రోగ్రాం వాడే క్యూటీ, ప్లగిన్, క్లయింట్ లైబ్రరీ. ఏ ఒక్కటి సరిపోకపోయినా అదే ఎర్రర్ వస్తుంది.

కొత్తవాళ్లను బాగా తికమక పెట్టే విషయం ఒకటుంది. 'డ్రైవర్ నాట్ లోడెడ్' కింద 'అవైలబుల్ డ్రైవర్స్' అని వచ్చే జాబితాలో ఒక్కోసారి మైఎస్‌క్యూఎల్ పేరు కూడా ఉంటుంది. ఉందంటూనే లోడ్ కాలేదంటుంది. ఎందుకంటే ఆ జాబితా కోసం క్యూటీ ప్లగిన్‌ను తెరవదు, ఫైలులో ముద్రించి ఉన్న మెటాడేటాను మాత్రం చదువుతుంది. నిజంగా లోడ్ చేయబోయినప్పుడే క్లయింట్ లైబ్రరీ లేదన్న సంగతి బయటపడుతుంది. అందుకని రెండు సందర్భాలను వేరుగా చూడండి. జాబితాలో పేరే లేకపోతే ప్లగిన్ లేదు, లేదా క్యూటీ వెతికే చోట లేదు. పేరుండీ లోడ్ కాకపోతే ప్లగిన్ ఉంది, దానికి కావాల్సిందేదో లేదు. రెండో సందర్భంలో బిల్డ్ మొదలుపెట్టడం చాలాసార్లు వృథా శ్రమ. క్లయింట్ లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటి వేస్తే పని జరిగిపోవచ్చు.

ఏది లేదో కనుక్కోవడానికి ఊహలతో పని లేదు. క్యూటీ_డీబగ్_ప్లగిన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 విలువ ఇచ్చి టెర్మినల్ నుంచి ప్రోగ్రాం నడపండి. ఏయే ఫోల్డర్లలో వెతికింది, ఏ ఫైలు దగ్గర ఎందుకు ఆగింది, అన్నీ రాసి చూపిస్తుంది. తర్వాత ఆ డాట్ ఎస్ఓ ఫైలు మీద ఎల్‌డీడీ కమాండ్ (ఆ ఫైలుకు కావాల్సిన లైబ్రరీలను చూపించేది) వేసి 'నాట్ ఫౌండ్' అన్న లైన్ల కోసం చూడండి. డబ్బు, టైము పెట్టి నిర్ణయం తీసుకునే ముందు ఈ రెండూ చేయనిదే ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెప్తాను.

ఉబుంటు క్యూటీ అయితే

మీ అప్లికేషన్ ఉబుంటు లేదా డెబియన్ ఇచ్చే క్యూటీతోనే బిల్డ్ అయితే డ్రైవర్‌ను మీరు బిల్డ్ చేయకండి. ప్యాకేజీలు వేసే ఆప్ట్ (apt) కమాండ్‌లో డ్రైవర్లు రెడీగా ఉంటాయి. క్యూటీ 6కి పేరు 'లిబ్‌క్యూటీ6ఎస్‌క్యూఎల్6' అని మొదలై, చివర మైఎస్‌క్యూఎల్, పీఎస్‌క్యూఎల్, ఓడీబీసీ అని డేటాబేస్ పేరుతో ముగుస్తుంది. క్యూటీ 5కి అదే పద్ధతిలో 'లిబ్‌క్యూటీ5ఎస్‌క్యూఎల్5'. ఫెడోరాలో అయితే క్యూటీబేస్ ప్యాకేజీ పేరు చివర మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని చేరుతుంది. ప్యాకేజీ వేయగానే క్లయింట్ లైబ్రరీ కూడా దాంతోపాటే దిగుతుంది. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు మూడు లింకులూ కలిసే కదులుతాయి. కాటా దగ్గర కూర్చునే గుమస్తా అప్‌డేట్ బటన్ నొక్కినా ఏమీ విరగదు. మనం ఊళ్లో లేనప్పుడు కూడా నడవాల్సిన సాఫ్ట్‌వేర్‌కి ఇంతకన్నా పెద్ద సుగుణం లేదు.

ఈ దారిలో ఉన్న లోటు వెర్షన్. ఉబుంటు 22.04లో ఉన్నది క్యూటీ 6.2.4, 24.04లో ఉన్నది 6.4.2. అంతకన్నా కొత్త క్యూటీలో వచ్చిన సౌకర్యమేదైనా మీకు కావాలంటే ఈ దారి సరిపోదు. బిల్లులు, స్టాకు, కాటా చీటీలు, రైతు ఖాతాలు రాసే పనికి 6.2 చాలదన్న సందర్భం నాకైతే అరుదుగానే కనిపించింది. కొత్త వెర్షన్ మీద మోజుతో ఈ నిశ్చింతను వదులుకోవద్దు.

ఇన్‌స్టాలర్ క్యూటీ అయితే

క్యూటీ ఇన్‌స్టాలర్ నుంచి వచ్చేది మీ హోమ్ ఫోల్డర్‌లోనో, సిస్టమ్‌లోని /opt ఫోల్డర్‌లోనో విడిగా కూర్చుంటుంది. ఉబుంటు ప్యాకేజీల డ్రైవర్లతో దానికి సంబంధం ఉండదు. ఉబుంటు వాళ్ల ప్లగిన్ ఫైలును కాపీ చేసి ఇందులో పడేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. దానికి క్యూటీ నియమం ఒకటి అడ్డం: ప్లగిన్ బిల్డ్ అయిన క్యూటీ కన్నా ప్రోగ్రాం నడుస్తున్న క్యూటీ పాతదైతే ప్లగిన్ లోడ్ కాదు. మేజర్ వెర్షన్ మారినా కాదు, 5 ప్లగిన్ 6లో పనికిరాదు. పాత ప్లగిన్ కొత్త క్యూటీలో లోడ్ కావచ్చన్నది కాగితం మీద మాట. డేటాబేస్ డ్రైవర్లు క్యూటీ లోపలి ప్రైవేట్ హెడర్లను వాడతాయి, వాటికి వెర్షన్ల మధ్య ఏ హామీ లేదు. కాబట్టి చివరి అంకెతో సహా ఒకే వెర్షన్ ఉండాలనే పద్ధతి పెట్టుకోండి.

ఈ క్యూటీతో ఎస్‌క్యూలైట్ డ్రైవర్ వస్తుంది, అది పనిచేస్తుంది కూడా. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ కూడా సాధారణంగా ఉంటుంది, సిస్టమ్‌లో లిబ్‌పీక్యూ వేసుకుంటే చాలు. ఇబ్బందంతా మైఎస్‌క్యూఎల్‌తోనే. లైసెన్సుల పొత్తు కుదరక కొన్ని డ్రైవర్లను ఓపెన్ సోర్స్ క్యూటీతో ఇవ్వడం లేదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. డ్రైవర్ ఫైలు దొరికినా, అది వెతికే క్లయింట్ లైబ్రరీ నంబరు (ఫైలు పేరు చివర ఉండే అంకె) మీ సిస్టమ్‌లో ఉన్న నంబరుతో కలవాలి. మైఎస్‌క్యూఎల్ 5.7 క్లయింట్ లైబ్రరీ నంబరు 20, 8.0కి 21. నంబరు మారితే పాత డ్రైవర్‌కి కొత్త లైబ్రరీ కనబడదు. కొందరు కొత్త ఫైలుకు పాత పేరుతో లింకు పెట్టి నడిపించేస్తారు. నంబరు మారిందంటే లోపలి ఏర్పాటు మారిందనే అర్థం. డబ్బు లెక్కలు రాసే ప్రోగ్రాంలో ఆ పని చేయొద్దు.

సొంతంగా బిల్డ్ చేయాల్సిన చోటు ఇదే: ఇన్‌స్టాలర్ క్యూటీ, దానికి మైఎస్‌క్యూఎల్ లేదా దాని నుంచి విడిపోయి వచ్చిన మారియాడీబీ.

పోస్ట్‌గ్రెస్ వైపు చూస్తే లిబ్‌పీక్యూ నంబరు పదిహేనేళ్లకు పైగా 5 గానే ఉంది. సర్వర్ వెర్షన్లు ఎన్ని మారినా క్లయింట్ ఫైలు పేరు మారలేదు. ఒకసారి కుదిరిన డ్రైవర్ ఏళ్ల తరబడి కదలకుండా నడుస్తుంది. డేటాబేస్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలని నా మనవి.

డేటాబేస్ ఎంపిక

ఒక్క కంప్యూటర్ మీదే నడిచే పని అయితే ఎస్‌క్యూలైట్. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, బ్యాకప్ అంటే ఒక ఫైలు. పూటకోసారి కరెంటు పోయే చోట కూడా ట్రాన్సాక్షన్లు సరిగా వాడితే డేటా చెడదు. కానీ ఆ ఫైలును సాంబా షేర్‌లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి తెరవడం మాత్రం వద్దు. నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఫైలు లాకులు నమ్మదగ్గవి కావని ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. దాని వాల్ మోడ్ (మార్పులను ముందు విడి లాగ్ ఫైలులో రాసే పద్ధతి) నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద అసలు పనిచేయదు. ఒక సమయంలో ఒక్కరే రాయగలరన్న పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. అవతలివాళ్లు రాస్తున్నంతసేపు ఎదురుచూడటానికి క్యూటీ డ్రైవర్‌లో బిజీ టైమౌట్ ఆప్షన్ ఉంది, మామూలుగా 5000 మిల్లీసెకన్లు.

రెండో కంప్యూటర్ వచ్చిందంటే నా ఓటు పోస్ట్‌గ్రెస్‌కే. డ్రైవర్ తేలిగ్గా కుదరడం ఒక కారణమైతే, నోటిఫికేషన్ సౌకర్యం ఇంకో కారణం. కాటా దగ్గర లారీ తూకం సేవ్ కాగానే సర్వర్ ఒక నోటిఫై సందేశం పంపుతుంది, ఆఫీసు స్క్రీన్ దానికి ముందే సబ్‌స్క్రయిబ్ అయి ఉంటుంది. క్యూటీ డ్రైవర్ దాన్ని సిగ్నల్‌గా అందిస్తుంది, తెర తనంతట తానే మారుతుంది. ప్రతి రెండు సెకన్లకూ టేబుల్‌ను అడుగుతూ ఉండే టైమర్ అక్కర్లేదు. క్యూటీ మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌లో ఈ సౌకర్యం లేదు. ఎస్‌క్యూలైట్ డ్రైవర్‌లో ఉన్నా, తన సొంత కనెక్షన్‌లో జరిగిన మార్పులనే అది చెప్పగలదు.

తెలుగు పేర్ల వరస ఇంకో కారణం. రైతుల పేర్లు తెలుగులో నిల్వ చేస్తే ఎస్‌క్యూలైట్ వాటిని యూనికోడ్ అంకెల వరసలో పేరుస్తుంది. ఆ వరసలో సున్న అన్ని అక్షరాల కన్నా ముందుంటుంది, ఱ వచ్చి ర, ల మధ్య కూర్చుంటుంది. రిజిస్టరులో చూసే అలవాటున్న గుమస్తాకు పేరు దొరకదు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఐసీయూ కొలేషన్లు (భాషను బట్టి వరస పేర్చే నియమాలు) వచ్చాయి, తెలుగుకు 'టీఈ-ఎక్స్-ఐసీయూ' అని ఒకటుంది. కాలమ్‌కి దాన్ని పెట్టుకుంటే చాలు. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు టేబుళ్లను యూటీఎఫ్8ఎంబీ4లో పెట్టుకోండి. తెలుగు అక్షరం మూడు బైట్లలో సరిపోతుంది కాబట్టి పాత యూటీఎఫ్8లోనూ నడుస్తుంది గానీ, వాట్సాప్ నుంచి కాపీ చేసిన వివరంలో ఒక్క ఎమోజీ ఉన్నా సేవ్ దగ్గర ఆగిపోతుంది.

అలాగని మైఎస్‌క్యూఎల్ వద్దనడం లేదు. క్లయింటు వెబ్‌సైటు ఇప్పటికే దాని మీద నడుస్తుంటే, లేదా పాత సాఫ్ట్‌వేర్ డేటా అంతా అందులోనే ఉంటే దాన్నే వాడండి. అప్పుడు ఇంకో ఎంపిక ముందుకొస్తుంది: డ్రైవర్‌ను ఎవరి క్లయింట్ లైబ్రరీతో బిల్డ్ చేయాలి? మైఎస్‌క్యూఎల్ వాళ్ల లైబ్రరీకి జీపీఎల్ 2 లైసెన్స్ (దాంతో కలిపిన ప్రోగ్రాం పంచితే కోడ్ కూడా ఇవ్వాలనేది), ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మాత్రం కొంత మినహాయింపు. మారియాడీబీ వాళ్ల కనెక్టర్‌కి (వాళ్ల క్లయింట్ లైబ్రరీ) అంతకన్నా సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ 2.1. మీరు కోడ్ ఇవ్వకుండా మిల్లులకు ప్రోగ్రాం అమ్ముతున్నట్లయితే మారియాడీబీ కనెక్టర్ ఎంచుకోండి. క్యూటీని కూడా ఎల్‌జీపీఎల్ కింద డైనమిక్ లింకుతోనే వాడండి. పోస్ట్‌గ్రెస్ లైసెన్సుకు ఈ మీమాంస అసలు లేదు, ఎస్‌క్యూలైట్ అయితే పబ్లిక్ డొమైన్.

మారియాడీబీ కనెక్టర్‌తో మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కి కూడా వెళ్లొచ్చు, ఒక్క జాగ్రత్తతో. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి లాగిన్ పద్ధతి క్యాషింగ్_ఎస్‌హెచ్ఏ2_పాస్‌వర్డ్‌కి మారింది. మారియాడీబీ కనెక్టర్‌లో ఆ పద్ధతి ఒక విడి ప్లగిన్ ఫైలు. ఆప్ట్ నుంచి వేస్తే అదీ వస్తుంది. లైబ్రరీని మీరే కాపీ చేసి పంపిస్తే దాన్ని మరిచిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఓడీబీసీ, అంటే వేర్వేరు డేటాబేస్‌లకు ఒకే పద్ధతిలో వెళ్లే మధ్య పొర. క్లయింటు దగ్గర ఇప్పటికే విండోస్ సర్వర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉండి, దాన్ని కదిలించే వీల్లేనప్పుడు ఇదొక్కటే దారి. లినక్స్‌లో యునిక్స్ఓడీబీసీ, దాని మీద మైక్రోసాఫ్ట్ ఇచ్చే డ్రైవర్ లేదా ఫ్రీటీడీఎస్. క్యూటీ జోలికి పోకముందే ఐఎస్‌క్యూఎల్ అనే చిన్న కమాండుతో కనెక్షన్ నిలుస్తోందో లేదో చూసుకోండి. అది నిలవకపోతే క్యూటీలోనూ నిలవదు. మిగతా సందర్భాల్లో మధ్యలో ఇంకో పొర ఎందుకు?

బిల్డ్ చేయక తప్పనప్పుడు

మొత్తం క్యూటీని బిల్డ్ చేయనక్కర్లేదు. క్యూటీ 6లో డ్రైవర్ల ఫోల్డర్ ఒక్కదాన్నే విడిగా బిల్డ్ చేయొచ్చు, మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా కొద్ది నిమిషాల పని.

ఇన్‌స్టాలర్‌లో మీ వెర్షన్ కింద 'సోర్సెస్' దగ్గర టిక్ పెట్టి దించుకోండి. వేరే చోటి నుంచి సోర్స్ తెచ్చుకుంటే వెర్షన్ కలవదు, పైన చెప్పిన గొడవ మళ్లీ మొదలవుతుంది. ఆప్ట్ నుంచి కంపైలర్, సీమేక్, నింజా అనే బిల్డ్ టూళ్లు, క్లయింట్ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ వేసుకోండి. మారియాడీబీకి లిబ్‌మారియాడీబీ-డెవ్, పోస్ట్‌గ్రెస్‌కి లిబ్‌పీక్యూ-డెవ్. 'డిఫాల్ట్' అని మొదలయ్యే మైఎస్‌క్యూఎల్ డెవ్ ప్యాకేజీ డెబియన్‌లో మారియాడీబీని, ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌ను తెస్తుంది. లైసెన్స్ పట్టింపు ఉన్నవాళ్లు పేరు స్పష్టంగా ఉన్న ప్యాకేజీనే వేసుకోవడం మంచిది.

తర్వాత ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో నుంచి క్యూటీ-సీమేక్ నడపాలి. సిస్టమ్ సీమేక్ కాదు, మీ క్యూటీ వెర్షన్ ఫోల్డర్‌లో బిన్ కింద ఉండే క్యూటీ-సీమేక్. దానికి సోర్స్‌గా క్యూటీబేస్ లోపల ప్లగిన్స్ కింద ఉన్న ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ ఫోల్డర్ చూపించాలి. ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా మీ క్యూటీ ఫోల్డర్ ఇవ్వాలి. మారియాడీబీ అయితే హెడర్లు ఎక్కడున్నాయో మైఎస్‌క్యూఎల్_ఇంక్లూడ్_డిర్ అనే వేరియబుల్‌లో, లైబ్రరీ ఫైలు ఎక్కడుందో మైఎస్‌క్యూఎల్_లైబ్రరీ అనే వేరియబుల్‌లో చెప్పాలి.

కమాండ్ పూర్తయ్యాక చివర్లో ఒక సారాంశం వస్తుంది. ఏ డేటాబేస్ ఎదురుగా 'ఎస్' ఉంది, దేని ఎదురుగా 'నో' ఉంది అన్నది అక్కడ చూడాలి. ఎక్కువమంది దాన్ని చదవకుండా బిల్డ్‌కి వెళ్లిపోతారు. మైఎస్‌క్యూఎల్ ఎదురుగా 'నో' ఉన్నా బిల్డ్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తవుతుంది, ప్లగిన్ మాత్రం తయారు కాదు. 'నో' వస్తే దారులు సరిచేసి మళ్లీ నడిపే ముందు ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా తీసేయండి. దొరకలేదన్న పాత జవాబును సీమేక్ క్యాష్‌లో దాచుకుంటుంది, మీరు డెవ్ ప్యాకేజీ వేసినా అదే జవాబు మళ్లీ చెప్పే అవకాశం ఉంది. 'ఎస్' కనబడ్డాక బిల్డ్, ఇన్‌స్టాల్ కమాండ్లు మామూలే.

క్యూటీ 5 మీద ఉన్నవాళ్లకు ఇదే పని క్యూమేక్ అనే క్యూటీ బిల్డ్ టూల్‌తో ఉంటుంది, అదే ఫోల్డర్‌లో. హెడర్లు, లైబ్రరీ దారులు రెండు డ్యాషుల తర్వాత ఇవ్వాలి.

ఎక్కడ బిల్డ్ చేస్తున్నారన్నదీ ముఖ్యమే. 24.04 మీద బిల్డ్ చేసిన ఫైలు 22.04 ఉన్న మిల్లు కంప్యూటర్‌లో జీలిబ్‌సీ (సిస్టమ్ మూల సీ లైబ్రరీ) వెర్షన్ చాలదని ఆగిపోవచ్చు. 24.04లో ఉన్నది 2.39, 22.04లో 2.35. మీ క్లయింట్లలో అన్నిటికన్నా పాత సిస్టమ్ ఏదో చూసుకొని, దాని మీదే, లేదా అదే వెర్షన్ ఉన్న కంటెయినర్‌లో బిల్డ్ చేయండి.

సొంత డ్రైవర్ రాయడం

క్యూటీకి తెలియని డేటాబేస్ అయితే డ్రైవర్ మీరే రాయొచ్చు. క్యూఎస్‌క్యూఎల్‌డ్రైవర్, క్యూఎస్‌క్యూఎల్‌రిజల్ట్ క్లాసుల నుంచి మీవి రాసి, క్యూఎస్‌క్యూఎల్‌డ్రైవర్‌ప్లగిన్‌తో ప్లగిన్‌గా కట్టాలి, డ్రైవర్ పేరు చెప్పే చిన్న జేసన్ ఫైలు జతచేయాలి. నేర్చుకోవడానికి చాలా మంచి పని, చదువుకునే రోజుల్లో తప్పకుండా చేయండి. ప్లగిన్‌గా కట్టకుండా ప్రోగ్రాంలోనే డ్రైవర్‌ను రిజిస్టర్ చేసుకునే వీలు కూడా క్యూటీ ఇస్తుంది, ప్రయోగాలకు అది తేలిక. క్లయింటుకు ఇచ్చే పనిలో మాత్రం ఆ డేటాబేస్‌కి ఓడీబీసీ డ్రైవర్ ఉందేమో ముందు వెతకండి.

మిల్లు కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు

మీ ల్యాప్‌టాప్‌లో నడిచింది అక్కడ నడవకపోవడానికి కారణం ఎక్కువగా క్లయింట్ లైబ్రరీయే. ఇన్‌స్టాలర్ క్యూటీ దారిలో వెళ్లినవాళ్లు ప్రోగ్రాం ఫైలు పక్కనే ఎస్‌క్యూఎల్‌డ్రైవర్స్ ఫోల్డర్ పెట్టి, అందులో ప్లగిన్ ఉంచితే క్యూటీ దాన్ని కనుక్కుంటుంది. క్లయింట్ లైబ్రరీని మాత్రం ఆ కంప్యూటర్‌లో ఆప్ట్‌తోనే వేయడం నాకిష్టం. సెక్యూరిటీ అప్‌డేట్లు దానికి అందుతూ ఉంటాయి.

దీనికోసం ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాం రాసి పెట్టుకోండి. క్యూటీ వెర్షన్, డ్రైవర్ల జాబితా ప్రింట్ చేయాలి. సర్వర్‌కి కనెక్ట్ అయి, ఒక తెలుగు పేరు, పుట్టి లెక్కలో ఒక ధాన్యం తూకం రాసి, తిరిగి చదివి పోల్చాలి. నెట్‌వర్క్ కేబుల్ ఒకసారి పీకి పెట్టి, కనెక్షన్ పోయిన సంగతి ప్రోగ్రాంకి తెలుస్తోందో లేదో కూడా చూడండి. సర్వర్ సైలెంట్‌గా పోయినప్పుడు క్యూటీ దానంతట అది మళ్లీ కలవదు, ఆ కోడ్ మనమే రాయాలి. వేరే థ్రెడ్‌లో తూకం చదువుతుంటే ఆ థ్రెడ్‌కి దాని సొంత కనెక్షన్ ఇవ్వండి, ఒక థ్రెడ్‌లో తెరిచిన కనెక్షన్‌ను ఇంకో థ్రెడ్ వాడకూడదు.

ఉబుంటును ఒక ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందే వెర్షన్) నుంచి తర్వాతి ఎల్‌టీఎస్‌కి అప్‌గ్రేడ్ చేసే రోజు ఇదే పరీక్ష మళ్లీ నడపాలి. ప్యాకేజీ డ్రైవర్ వాడినవాళ్లు ఆ కొత్త వెర్షన్ మీద అప్లికేషన్‌ను ఒకసారి తిరిగి కంపైల్ చేసి ఇస్తే సరిపోతుంది. సొంతంగా బిల్డ్ చేసినవాళ్లు క్లయింట్ లైబ్రరీ నంబరు మారిందేమో ఎల్‌డీడీతో చూసి, మారితే ప్లగిన్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. వరి కోతల సీజన్‌లో మాత్రం ఈ అప్‌గ్రేడ్ పెట్టుకోవద్దు. కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉన్నప్పుడు ఒక గంట సిస్టమ్ ఆగినా ఆ టెన్షన్ రైతు మీద, గుమస్తా మీద పడుతుంది.